నేరం ఏసీదే

జూలై 14, సోమవారం

మా కాలేజీ ఈ రోజు నుంచి చల్లబడింది. రాజాం మొత్తం మీద ఇలాంటిది లేదని మా డైరెక్టర్ జగన్నాధం గారు కరపత్రంలో వేయించుకున్నారు కాబట్టి లేదనే అనుకోవాలి. మెడికల్ బ్యాచ్ గదులన్నిటికీ ఏసీలు. పద్దెనిమిది డిగ్రీలు. రిమోట్లు మాత్రం ఆయన టేబులు సొరుగులో ఉంటాయి. ఫిజిక్సు లెక్చరర్లకు కూడా వాటిని నొక్కడం తెలియదని కాబోలు ఆయన నమ్మకం. కిటికీలకు ప్లైవుడ్ కొట్టించారు, చల్లదనాన్ని ఎవరూ ఎత్తుకుపోకుండా.

ఆ ఏసీలు బిగించింది మా ఆయనే. ప్రకాష్ షాపుకి ఇంత పెద్ద పని ఇంతకు ముందు రాలేదు. ఏడాది పొడుగునా సర్వీసింగు కూడా ఆయనదే. సాయంత్రం నేను చెప్పులు విడవకముందే ఎదురొచ్చి, గాలి ఎలా వస్తోంది, శబ్దం ఏమైనా ఉందా అని అడిగారు. మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా ఇన్ని ప్రశ్నలు వేయలేదు. బ్రహ్మాండంగా ఉంది అన్నాను. ఉంది కూడా. నల్లబల్ల ముందు నిలబడితే ఏసీ గాలి సరిగ్గా నా నెత్తి మీదే పడుతుంది. ఇంతమందిలో నాకే ఆ మర్యాద.

జూలై 19

పెదవులు పగిలాయి. చేతుల మీద గోటితో గీస్తే తెల్లగా గీత పడుతోంది. సుద్దముక్క అయిపోయినా ఇబ్బంది లేదు, బొమ్మలు చేతి మీదే వేసి చూపించవచ్చు.

ఈ రోజు పాఠం ఎడారి మొక్కలు. నీరు పోకుండా అవి ఏమేం చేసుకుంటాయో చెప్పాను. మందపాటి చర్మం, మైనపు పూత, ముళ్లు. మొదటి రెండూ నాకు ఇంకా రాలేదు. మూడోది ఉందని మా ఆయన చెబుతారు.

ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆడపిల్లలంతా బయటకు పరిగెత్తి ఎండలో గోడకు చేరబడ్డారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జూలై నెలలో పిల్లలు చలి కాచుకోవడం నా సర్వీసులో ఇదే చూడటం.

జూలై 27, ఆదివారం

చర్చిలో పై స్వరం అందలేదు.

అందలేదు అంటే అందింది, కానీ రెండు ముక్కలై వచ్చింది. మధ్యలో గాలి. కోయిర్‌లో నా పక్కనున్నవాళ్లు పాటల పుస్తకంలోకి మరీ శ్రద్ధగా చూశారు. ఆ పాట వాళ్లకు పుస్తకం లేకుండా వచ్చు. మా అత్తగారు ఎలీసమ్మ మాత్రం వెనకాల చాపల మీద నుంచి ఇంకా గట్టిగా ఎత్తుకుని నా లోటు పూడ్చారు. ఆవిడకు రాగంతో పని లేదు, చప్పుడుతోనే పని.

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు చెయ్యి పట్టుకుని, "ఏటమ్మా, అచ్చం మీ నాన్నగారి గొంతులాగ బొంగురు పోనాది" అన్నారు. ఆవిడ మంచి ఉద్దేశంతోనే అన్నారు.

జూలై 28

ఏసీ వల్లే.

ఆగస్టు 4

నా గొంతు ఇప్పుడు ఊరి ఆస్తి. ఎవరికి తోచింది వాళ్లు పోస్తున్నారు.

అత్తగారిది మిరియాల కషాయం, పొద్దునా సాయంత్రం. దాంతో పాటు ఒంటికి నువ్వుల నూనె. కాలేజీకి వెళ్లేటప్పుడు నా వెనక కుక్కలు వస్తున్నాయంటే వాటి తప్పు లేదు. కెమిస్ట్రీ చెప్పే శ్రావణి, చిన్న పిల్ల, గ్లిజరిన్ రాసుకోమంది. రాసుకుని వచ్చాను. పరీక్ష పేపర్లు ఒక్కొక్కటీ చేతులకు అంటుకుని నాతోనే వచ్చేశాయి. మందుల షాపతను చప్పరించే బిళ్లలు ఇచ్చాడు. పాఠం మధ్యలో ఒకటి గొంతుకు అడ్డం పడింది. తర్వాత పది నిమిషాలు పిల్లలు నన్ను చూసి కణవిభజన గురించి కాక వేరేదాని గురించి భయపడ్డారు.

ఉప్పునీళ్లు పుక్కిలిస్తే కాస్త హాయి. ఆవిరి పడితే ఇంకాస్త. ఇంట్లో ఉన్నంతసేపూ చర్మం కూడా బాగానే ఉంటుంది. మళ్లీ క్లాసులోకి అడుగు పెట్టి, ఆ మిషను హోరు మీద వెనక బెంచీ దాకా వినపడేలా అరిస్తే సాయంత్రానికి అప్పడమే. కాబట్టి కారణం ఏమిటో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. దీనికి డాక్టర్ ఎందుకు?

ఆగస్టు 11

క్లాసులో తేమ ఉంటే మంచిదని ఎక్కడో చదివి, పొద్దున్నే ఒక బకెట్ నిండా నీళ్లు తెప్పించి ఏసీ కింద పెట్టాను. సైన్సు ప్రకారం తప్పేమీ లేదు.

మధ్యాహ్నం డైరెక్టర్‌గారు నలుగురు పేరెంట్స్‌ను వెంటబెట్టుకుని గది చూపించడానికి వచ్చారు. ఏసీ కింద బకెట్. అందులో నిండా నీళ్లు. ఆయన మొహం చూడాల్సింది. పిల్లల ర్యాంకులు పోయినా అంత నీరుగారిపోరు. ఏసీ కారిపోతోందని వెంటనే మా ఆయనకు ఫోన్. ప్రకాష్ షాపు మూసి, నిచ్చెన వేసుకుని పరిగెత్తుకొచ్చి, ఏసీ మొత్తం విప్పి, ఎక్కడా చుక్క లేకపోతే తల పట్టుకుని కూర్చున్నారు. పిల్లలు నా వైపు చూశారు. నేను కిటికీ వైపు చూశాను. కిటికీకి ప్లైవుడ్ ఉంది.

చివరికి ముందు బెంచీలో కూర్చునే కుమారి నిజం చెప్పేసింది. చున్నీ తలకు చుట్టుకుని కూర్చుంటుంది, పెదవులు నాకంటే ఘోరంగా పగిలాయి పాపం. "మేడమ్ గొంతుకని పెట్టేరు సార్" అంది.

మా ఆయన ఏసీ మళ్లీ బిగించి, నిచ్చెన భుజాన వేసుకుని వెళ్లిపోయారు.

ఆగస్టు 12

నిన్న అననిది ఈ రోజు అన్నారు. బకెట్ గురించి అరుస్తారనుకుని మాటలు సిద్ధం చేసుకున్నాను. బకెట్ ఊసే ఎత్తలేదు.

"ఏసీ మీద నెట్టకు" అన్నారు. "నెలై పోనాది. ఇజీనారం ఎల్లి డాట్రికి సూపించు."

సహజమే. ఏసీలు ఆయన పిల్లలు. నా గొంతు కోసం వాటి పరువు తీస్తానా? ఏసీలో పని చేసేవాళ్లందరికీ చర్మం ఎండుతుంది, గొంతు ఎండుతుంది, ఇది లోకం అంతా తెలిసిన విషయం అన్నాను. మెకానిక్‌కు తెలియకపోవడం విచిత్రం అని కూడా అన్నాను.

"తెల్సు. అందరికీ ఎండుతాది. అందరికీ గొంతు పోదు" అన్నారు.

పనిచేసిన చోట పేరు పోతుందని ఈయనకు భయం. ఇంకేం భయం ఉంటుంది.

ఆగస్టు 23

ఈ రోజు ధైర్యం చేసి డైరెక్టర్‌గారి గదికి వెళ్లాను. ఆ గదిలో ఏసీ ఇరవై ఆరు మీద ఉంది. ఆయనకు కీళ్లనొప్పులు.

క్లాసుల్లో కూడా ఇరవై ఆరు పెట్టిస్తే బాగుంటుందని అడిగాను. పిల్లల పెదవుల సంగతి చెప్పాను, కుమారికి మొన్న ముక్కులోంచి రక్తం వచ్చిన సంగతి చెప్పాను. నా సంగతి చెప్పనక్కర్లేదు, వినిపిస్తూనే ఉంది. ఆయన చాలా ఓపికగా విన్నారు. పేరెంట్స్ పద్దెనిమిదికి ఒప్పుకుని చేర్పించారట. ఇరవై ఆరు ఇస్తే మోసం చేసినట్టవుతుందట. అంత నీతి ఉన్న మనిషి ఎదురుగా కూర్చున్నందుకు నాకే సిగ్గేసింది.

బయటికి వచ్చేటప్పుడు, బోటనీ మేడమ్ గొంతు వినపడటం లేదని పేరెంట్స్ అంటున్నారని మెల్లగా ఒక మాట వేశారు. దసరా సెలవుల తర్వాత చూద్దాం అన్నారు. ఏం చూద్దామో చెప్పలేదు. ఒక కాలర్ మైకు మాత్రం ఇచ్చారు. అది నా బొంగురుని కూడా పెద్దది చేసి వెనక బెంచీ దాకా చేరవేస్తోంది.

సెప్టెంబరు 6

మైకు పెట్టినా వినపడటం లేదు.

సెప్టెంబరు 14, ఆదివారం

చర్చికి వెళ్లలేదు. తలనొప్పి అని చెప్పాను.

నాన్న కూడా మొదట్లో మంచు అన్నారు. క్రిస్మస్ ముందు ఊరూరా తిరిగి పాటలు పాడే రోజులు, డిసెంబరు మంచు, తలకు మఫ్లరు కట్టుకోలేదు, అందుకే అని. సంఘమంతా అదే అంది. పాస్టర్ కృపానిధిగారి గొంతుకు మంచు పట్టింది, ఎండలు ముదిరితే అదే పోతుంది. ఎండలు వచ్చాయి. ఉగాది వచ్చింది, ఈస్టర్ వచ్చింది. ఆ ఈస్టర్‌కి ఆయన ప్రసంగం వేరేవాళ్లు చదివారు. విశాఖపట్నం తీసుకెళ్లేసరికి...

నాది వేరు. నాన్నకు ఏసీ లేదు.

సెప్టెంబరు 28, ఆదివారం

సెలవులు. ఏసీ లేదు, సుద్దముక్క లేదు, అరుపు లేదు. ఇప్పుడు తేలిపోతుంది. ఏసీ లేకుండా ఉంటే తగ్గాలి. తగ్గితే నేరం దానిదే. ప్రయోగం చాలా సులభం, ఇంటర్ పిల్లలు కూడా చేయగలరు.

అత్తగారితో కూడా ఎక్కువ మాట్లాడకూడదని నిర్ణయించుకున్నాను. ఆవిడకు ఇది ప్రయోగమని తెలియదు. కోపమనుకున్నారు. మూడు పూటలా నాకు ఇష్టమైన కూరలు వండుతున్నారు. ఈ పద్ధతి ముందే తెలిసి ఉంటే బాగుండేది.

అక్టోబరు 1

చేతులు నునుపెక్కాయి. గీత పడటం లేదు. పెదవులు అతుక్కున్నాయి. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేసి, ఒళ్లు తడిగా ఉండగానే కొబ్బరినూనె రాస్తే చాలని తేలింది. ఇంతకాలం పొగలు కక్కే నీళ్లు పోసుకుని ఉన్న నూనె కూడా కడిగేసుకున్నాను.

చూశారా, ఏసీదే.

అక్టోబరు 3

చేతులు చాలా బాగున్నాయి.

అక్టోబరు 4

కాళ్లు కూడా.

అక్టోబరు 5, ఆదివారం

ఇల్లంతా చర్చికి వెళ్లాక, తలుపులు మూసి, ఒక చరణం పాడి చూశాను.

అక్టోబరు 8, బుధవారం

ఇంటికి వచ్చాం. రాయాలి.

ఆదివారం మధ్యాహ్నం వాళ్లు చర్చి నుంచి వచ్చేసరికి నేను వంటగదిలో పీట మీద కూర్చుని ఉన్నాను. ఏం జరిగిందని మా ఆయన అడగలేదు. ఆయన లోపలికి వెళ్లి ఫోన్ చేసి వచ్చి, "బుదారం పదిగంటలకి. నానూ వస్తన్నాను" అన్నారు. అప్పుడే తెలిసింది, ఆ విజయనగరం డాక్టర్ నంబరు ఆయన ఫోన్‌లో ఆగస్టు నుంచే ఉందని.

ఆసుపత్రి వెయిటింగ్ హాల్లో ఏసీ ఉంది. గొంతు, చెవి, ముక్కు బాగులేని వాళ్లందరినీ పద్దెనిమిదిలో కూర్చోబెట్టారు. ఇంకో సమయంలో అయితే దీని మీద ఒక పేజీ రాసేదాన్ని. మా ఆయన తలెత్తి ఆ ఏసీ వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఏ ఊరు వెళ్లినా, ఏ పెళ్లికి వెళ్లినా, ముందు ఏసీ ఏ కంపెనీదో, ఎవరు బిగించారో చూసే మనిషి.

డాక్టరమ్మ ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి చూశారు. తెరమీద నా గొంతు లోపల ఎర్రగా కనపడింది. నేను కళ్లు మూసుకున్నాను. ఇరవై రెండేళ్లు పిల్లలకు కణజాలం బొమ్మలు గీసి చూపించిన మనిషిని. నా కణజాలం చూసే ధైర్యం లేకపోయింది. నాన్న గురించి ముందే చెప్పాం. నేను చెప్పలేదు, ప్రకాష్ చెప్పారు. నేను తల ఊపాను.

నాన్నకు వచ్చినలాంటి గడ్డ కాదు.

రెండు చిన్న బుడిపెలు. అరచేతిలో కాయలు కాసినట్టు స్వరతంత్రుల మీద కాశాయట. పొడి గాలిలో గంటలకొద్దీ నిలబడి, తడారిన గొంతుతో హోరు మీద అరిచినందుకు. ఏసీ ఆరబెట్టింది, నేను రుద్దాను. ఇద్దరిదీ తప్పేనని తీర్పు. రెండు వారాలు నోరు మెదపకూడదు. గుసగుస కూడా వద్దు, అది ఇంకా చెడ్డదట. మాటిమాటికీ గొంతు సవరించుకోవద్దు. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండాలి, ఆవిరి పట్టాలి, కాఫీ తగ్గించాలి. ఏసీ ఇరవై ఆరుకు తగ్గకూడదు, గాలి మొహాన కొట్టకూడదు. తర్వాత మళ్లీ పరీక్ష చేసి, మాట ఎలా వాడుకోవాలో నేర్పిస్తారట. నలభై నాలుగేళ్ల వయసులో మాటలు నేర్చుకోవాలి.

బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. నాకు మాట్లాడే హక్కు లేదు. ఆయనకు ఉంది, మాట్లాడలేదు. చీపురుపల్లి దాటాక, కిటికీలోంచి బయటికే చూస్తూ, ఎవరికో చెబుతున్నట్టు అన్నారు.

"నా ఏసీయే నీ గొంతు పాడు సేసినాదని డాట్రు సేత సెప్పించమని దేవుణ్ణి అడిగేను. రోజూ అడిగేను."

మళ్లీ కిటికీతోనే, "మావయ్య మంచు అన్నప్పుడు నానే ఎల్లి మఫ్లరు కొనితెచ్చేను" అన్నారు.

మూడు నెలలుగా ఈ మనిషిని నేను ఏసీల తరఫు వకీలు అనుకున్నాను. ఈ పుస్తకంలో వెనక్కి తిప్పి చూస్తే ఎన్నిచోట్ల ఆ మాట ఎంత తెలివిగా రాసుకున్నానో కనపడుతోంది. మంచి శైలి.

అక్టోబరు 10

మౌనం. ఇంట్లో పండగ వాతావరణం.

అత్తగారు నాకు మాట రాకపోతే చెవులు కూడా పనిచేయవనుకుని పక్కింటి కూర్మమ్మతో నా ఎదురుగానే నా గురించి మాట్లాడుతున్నారు. "నోరు పెద్దదే గానీ మనసు మంచిదే" అన్నారు. మొదటి సగానికి కోపం తెచ్చుకునేలోపు రెండో సగం వచ్చేసింది.

అవసరమైనవి ఫోన్‌లో టైపు చేసి చూపిస్తున్నాను. అత్తగారికి చదువు రాదు కాబట్టి సైగలు. నీళ్లు అడిగితే పాలు తెచ్చారు. పాలు వద్దంటే వేడిచేసి తెచ్చారు.

అక్టోబరు 15

కాలేజీ సంగతి ఇప్పుడు తెలిసింది. శ్రావణి ఇంటికి వచ్చి చెప్పింది. ఆయన చెప్పలేదు.

నా సెలవు కాగితం ఇవ్వడానికి వెళ్లి మా ఆయన డైరెక్టర్‌గారి గదిలో కూర్చున్నారట. డాక్టర్ రాసింది చూపించి, పిల్లలకు, లెక్చరర్లకు అందరికీ ఇరవై ఆరు మంచిదని చెప్పారట. డైరెక్టర్‌గారు మళ్లీ అదే నీతి, పేరెంట్స్‌కు మాట ఇచ్చాం. అప్పుడు ఈయన కుర్చీలోంచి లేచారట.

"అయితే సార్, రోజల్లా పద్దెనిమిది మీద తిప్పితే కంప్రెసర్లు నిలవ్వు. రేపు పోతే నన్ను అడక్కండి. ఇరవయ్యారు పెడితే సర్వీసింగు సేస్తాను, నేదంటే ఇంకోల్ని సూస్కోండి."

డైరెక్టర్‌గారి మొహం పాలిపోయిందట. ఏసీలకు జబ్బు చేస్తుందా, ముందే చెప్పొద్దా అని నొచ్చుకున్నారట. ఆ సాయంత్రమే అన్ని గదుల్లో ఇరవై ఆరు. రెక్కలు పైకి తిప్పించి, గాలి ఎవరి నెత్తినా పడకుండా మా ఆయనే సరిచేశారు. ఒక్కో గదిలో ఒక కిటికీకి ప్లైవుడ్ కూడా తీయించారు, కంప్రెసర్ ఆరోగ్యం కోసమని చెప్పి. కంప్రెసర్ ఆ కిటికీ వైపు లేదు. ఎవరూ అడగలేదు.

మా గొంతుల కోసం కదలని డిగ్రీలు కంప్రెసర్ కోసం కదిలాయి. డైరెక్టర్‌గారికి ఏసీలంటే ఎంత ప్రేమో. మా ఆయన కంటే ఎక్కువ.

కుమారి చున్నీ భుజాల మీదికి దిగిందట.

అక్టోబరు 20

ఎల్లుండి నుంచి కొంచెం కొంచెం మాట్లాడవచ్చు. మొదటి మాట ఏమై ఉండాలా అని ఆలోచిస్తున్నాను. ఇన్ని రోజులు దాచుకున్న మాట కాబట్టి కాస్త విలువైనది వాడాలి. దేవునికి స్తోత్రం అంటే అత్తగారు సంతోషిస్తారు. కానీ ఆయనకు చెప్పాల్సింది వేరే ఉంది. క్షమించండి అనాలి. మా పెళ్లయ్యాక ఆ మాట ఇంతవరకూ వాడలేదు, కొత్తదిలా పడి ఉంది. మిమ్మల్ని తప్పుగా అనుకున్నాను అనాలి. లేకపోతే ఊరికే పేరు పెట్టి పిలవాలి. మనసులో పదిసార్లు పలికి చూశాను. ప్రతిసారీ సినిమాలాగ ఉంది.

అక్టోబరు 22, బుధవారం

ఆసుపత్రిలో మళ్లీ చూశారు. బుడిపెలు తగ్గుముఖం పట్టాయి. మెల్లగా, తక్కువగా మాట్లాడవచ్చు. పై స్వరం ఎప్పటికి వస్తుందని టైపు చేసి అడిగాను. వస్తే వస్తుంది, రాకపోతే కింది స్వరం పాడుకోండి అన్నారు డాక్టరమ్మ. ఆవిడ మొహమాటం లేని మనిషి.

అక్కడ మాట్లాడమన్నా మాట్లాడలేదు. మొదటి మాట డాక్టర్‌కు ఖర్చు పెట్టదలచుకోలేదు. బస్సులో జనం. ఇంటికి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళైంది. అత్తగారు ప్రార్థన కూటానికి వెళ్లారు. ఆయన వీధి తలుపు బార్లా తెరిచిపెట్టి, సంచి దించి, నా ఎదురుగా కుర్చీలో కూర్చున్నారు. ఎదురుచూస్తున్నారని తెలుస్తోంది. నేను నీళ్లు తాగాను. సిద్ధం చేసుకున్న మాటలన్నీ వరసగా నిలబడ్డాయి. నోరు తెరిచాను.

"తలుపెయ్యండి, దోమలొస్తన్నాయి" అన్నాను.

కాస్త గరగరగా, కానీ ఒక్క ముక్కగా వచ్చింది. మధ్యలో గాలి లేదు.

ఆయన లేచి వెళ్లి తలుపు వేశారు. గడియ మీద చెయ్యి పెట్టి, అటు తిరిగి, అలాగే నిలబడ్డారు. గడియ పెట్టడానికి అంతసేపు పట్టదు.